ఆర్నెటా రాసిన పోలీసు సీను

పెంచలమ్మ ఆ ఇంట్లో వంటకు కుదిరిన రోజు ముందుగా పొయ్యి చూడలేదు, వెనక తలుపు చూసింది. తలుపు తీస్తే చిన్న పెరడు. పెరటి చివర ఛాతీ ఎత్తు గోడ. గోడ అవతల సందు, ఆ సందు వెంట పోతే మస్కట్ శివారు అల్ మవాలే కూరగాయల మార్కెట్టు. మార్కెట్టులో పడితే జనంలో కలిసిపోవచ్చు. ఇదంతా చూసుకున్నాకే ఆమె చున్నీ నడుముకు చుట్టి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

అది 2008 చలికాలం. పెంచలమ్మది రాయచోటి పక్క పల్లె. మొగుడు పోయాక, బోర్లు ఎండి చీనీ చెట్లు కొట్టేశాక, ఇద్దరు కొడుకుల్ని అక్క దగ్గర వదిలి ఒమాన్ వచ్చింది. మస్కట్ పక్క సీబ్‌లో ఒక అరబ్బు ఇంట్లో ముసలామెను చూసుకునే పని. ముసలామె మంచిది. తను తినే ఖర్జూరాల్లోంచి ఒకటి తీసి పెంచలమ్మ నోట్లో పెట్టేది. ఆమె చనిపోయాక ఇంటావిడ పెంచలమ్మను తన ఇంటికీ, ఇద్దరు చెల్లెళ్ళ ఇళ్ళకూ తిప్పడం మొదలుపెట్టింది. నిద్ర కరువైంది. ఫోన్ లాక్కున్నారు. ఊరికి పంపమంటే ఇంకో రెండేళ్ళు అన్నారు. ఒకసారి ఇస్త్రీ చేస్తూ నిలబడే కునికింది, ఇంటాయన తెల్ల అంగీ కాలింది. ఇంటావిడ అదే ఇస్త్రీపెట్టె తీసి ఆమె మణికట్టుకు ఆనించింది. మరునాడు చెత్త పారేయడానికి వీధిలోకి వచ్చిన పెంచలమ్మ చెత్తడబ్బా దగ్గర ఆగలేదు.

ఆమెను దాచింది ఫర్జానా. కడప మనిషి. మస్కట్ బజారు పేట రూవీలో రూమ్ తీసుకుని ఇళ్ళలో పని చేసుకుంటూ ఉండేది. కొన్నాళ్ళకు ఫర్జానా ఒక అరబ్బీ పేపరు తెచ్చి ఆమె ముందు పరిచింది. అందులో పెంచలమ్మ ఫోటో. ఇంట్లోంచి పారిపోయిన పనిమనిషి, కనబడితే చెప్పండని యజమాని వేయించిన ప్రకటన.

"ఇంగ నువ్వు రోడ్డు మీద కనపడగూడదు పెంచలా," అంది ఫర్జానా. "బతాకా కార్డు లేదు, పాస్‌పోర్టు వాళ్ళ కాడుండాది. పోలీసోళ్ళ కంట బడితే లోపలేస్తారు. ఎన్నాళ్ళో ఎవురికీ తెలీదు."

ఆనాటి నుంచి కిటికీలోంచి ఖాకీ రంగు కనిపిస్తే పెంచలమ్మ పరదా లాగేసేది. రూమ్ మెట్ల మీద బూట్ల చప్పుడైతే స్నానాల గదిలోకి పోయి గడియ వేసుకునేది. ఎవరిదో ఫోన్ మోగినా తన పేరే చెబుతున్నారేమోనని చెవులు రిక్కించేది.

అల్ మవాలే పని కూడా ఫర్జానాయే చూసింది. "అమెరికామె. టీవీ సినిమాలు తీస్తాదంట. ఆ ఇంట్లోనే ఉండు, ఆ ఇంట్లోనే వంట. గడప దాటే పని లేదు."

అమెరికామె అంటే తెల్లగా ఉంటుందనుకుంది పెంచలమ్మ. తలుపు తీసిన మనిషి నల్లగా, పొడుగ్గా, నెరిసిన పొట్టి జుట్టుతో ఉంది. జాంజిబార్ నుంచి తిరిగొచ్చిన ఒమానీ కుటుంబాల్లో అలాంటి వాళ్ళను చాలామందిని చూసింది కాబట్టి, మోసపోయాననీ, మళ్ళీ అరబ్బు ఇంటికే వచ్చాననీ అనుకుని ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. అరబ్బీలో సలాం చెప్పింది. ఆ మనిషి నవ్వి, లోపలికి చూసి ఎవరినో పిలిచింది.

వచ్చింది ఉదయశ్రీ. కాకినాడ అమ్మాయి. భర్త మస్కట్‌లో ఇంజనీరు. హైదరాబాద్‌లో జర్నలిజం చదువుకుని, ఇక్కడ ఖాళీగా ఉండలేక ఆర్నెటా దగ్గర సహాయకురాలిగా చేరింది.

"భయపడకు పెంచలమ్మా, ఈవిడ ఆర్నెటా బ్రాడ్‌నాక్స్. డైరెక్టర్ గారు. నువ్వేం చెప్పాలన్నా తెలుగులో నాకు చెప్పు, నేను ఆవిడకి చెబుతాను," అంది.

ఆర్నెటా కథ పెంచలమ్మకు ఒకేసారి తెలియలేదు. సాయంత్రాలు షూటింగ్ ముగిశాక ఆవిడ వంటింటి స్టూలు మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తూ మాట్లాడేది. ఉదయశ్రీ ఉంటే తెలుగులోకి మార్చేది, లేకపోతే సగం సైగలే.

ఆవిడ పుట్టింది అమెరికాలో అలబామా అనే దక్షిణాది రాష్ట్రంలో. తల్లి తెల్లవాళ్ళ ఇళ్ళలో బట్టలు ఇస్త్రీ చేసేది. ఇది విన్నప్పుడు పెంచలమ్మ తన మణికట్టును చున్నీ కిందికి లాక్కుంది. ఆర్నెటా చదువయ్యాక లాస్ ఏంజిలిస్ వెళ్ళి టీవీ సీరియళ్ళు తయారయ్యే ఆఫీసులో టైపిస్టుగా చేరింది. ఎవరో రాసిన మాటల్ని టైపు చేస్తూ, నచ్చని చోట గుట్టుగా తన మాట పెట్టేది. ఆ మాటలకే జనం నవ్వుతున్నారని హెడ్ రైటర్ కనిపెట్టాడు. తిడతాడనుకుంటే రైటర్ల గదిలో కుర్చీ వేయించాడు. ఆ గదిలో నల్ల మనిషి ఆమె ఒక్కతే, ఆడమనిషీ ఆమె ఒక్కతే.

రాస్తూనే డైరెక్షన్ ఇమ్మని అడిగేది. వచ్చే ఏడు చూద్దామనేవారు. చివరికి ఒక డైరెక్టర్‌కు ఒంట్లో బాగాలేక షూటింగ్ ఆగిపోయే పరిస్థితి వస్తే ఆమెను నిలబెట్టారు. ఆ ఎపిసోడ్ బాగా ఆడింది. తర్వాత సొంతంగా ఒక చిన్న సినిమా రాసి, తీసింది. పేపర్లు మెచ్చుకున్నాయి, థియేటర్లు మాత్రం ఖాళీగా ఉండేవి. ఇక పెద్ద సినిమా ఎవరూ ఇవ్వలేదు. ఏళ్ళ తరబడి ఇతరుల సీరియళ్ళకు ఒక ఎపిసోడ్ ఇక్కడ, ఒక ఎపిసోడ్ అక్కడ. యాభై దాటాక ఒక టీవీ కంపెనీ ఈ సినిమా ఇచ్చింది: జాంజిబార్‌లో పుట్టి మస్కట్ చేరిన ఒక ఒమానీ ఇల్లాలి కథ.

"మీకేం మేడమ్, అందరూ మీ మాట ఇంటారు. మీరు దేనికి బయపడాల?" అని అడిగింది పెంచలమ్మ ఒక సాయంత్రం.

ఆర్నెటా ఒలిచిన ఉల్లిపాయను పళ్ళెంలో పెట్టింది. "ముప్పై ఏళ్ళుగా ప్రతి షూటింగ్‌లోనూ భయమే," అంది. "ఎవరో వచ్చి, ఈ కుర్చీ నీది కాదు, లే, అంటారని. ఇది కూడా పాడైతే ఇంకో సినిమా నాకు రాదు."

ఒకరోజు గ్యాస్ బండవాడు గంట కొట్టాడు. ఉదయశ్రీ తలుపు తీసి, బండ ఎక్కడ పెట్టాలో అడుగుదామని వంటింట్లోకి వెళితే పెంచలమ్మ లేదు. పిలిస్తే పలకలేదు. వాషింగ్ మెషీన్ వెనక, గోడకూ దానికీ మధ్య ముడుచుకుని కనిపించింది. నోట్లో చున్నీ కుక్కుకుని ఉంది.

ఆ రోజు నిజం చెప్పక తప్పలేదు. వింటున్న ఉదయశ్రీ ముఖం పాలిపోయింది. కాగితాలు లేని మనిషిని పనిలో పెట్టుకున్నారని తెలిస్తే షూటింగ్ పర్మిషన్ పోతుంది, తన భర్త ఉద్యోగానికీ ఎసరొస్తుంది. ఆ మాటే ఇంగ్లీషులో ఆర్నెటాతో గట్టిగా అంది. ఏమంటున్నారో అర్థంకాక పెంచలమ్మ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. తనను పంపేస్తున్నారనుకుని మూట కట్టుకోవడానికి లేచింది. ఆర్నెటా ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

కానీ రాసేవాళ్ళ మనసు ఊరుకోదు. ఆ రాత్రే ఆర్నెటా కథలోకి ఒక పనిమనిషి వచ్చి చేరింది. సినిమాలోని ఆ ఒమానీ ఇల్లాలి ఇంట్లో దాక్కుని బతికే ఒక పరదేశపు ఆడమనిషి. గంట మోగితే వణికే మనిషి. చివరకు పోలీసులు వచ్చి ఆమెను తీసుకుపోతారు, ఇల్లాలు గుమ్మంలో నిలబడి చూస్తుంది. అమెరికాలో కంపెనీవాళ్ళు చదివి చాలా బాగుందన్నారు. పనిమనిషి వేషానికి బొంబాయి నుంచి ఒక నటి వచ్చింది. పోలీసు వేషాలకు మస్కట్‌లోనే ఇద్దరు దొరికారు.

ఈ సంగతి షూటింగ్‌లో అందరికీ తెలుసు. లైట్లు పట్టేవాడికీ, కారు నడిపేవాడికీ కూడా తెలుసు. వంట చేసే మనిషికి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఆ సీను ఆ ఇంటి హాల్లోనే తీస్తున్న రోజు పగలు పెంచలమ్మ అందరికీ పప్పన్నం వండుతోంది. కుక్కర్ కూతలో హాలు లోంచి వచ్చే మాటలేవీ వినబడలేదు. తాలింపు వేసి చిటపట ఆగేదాకా చూసి తల తిప్పితే, వంటింటి గుమ్మంలో ఇద్దరు మగవాళ్ళు. ఖాకీ చొక్కాలు, టోపీలు, బెల్టులు. ముందున్నవాడు ఆమె వైపు చెయ్యి చాచాడు.

పెంచలమ్మకు గరిటె ఎక్కడ పడిందో తెలియదు. వెనక తలుపు తోసుకుని పెరట్లో పడింది. గోడ మీదికి ఎలా ఎక్కిందో తెలియదు. అవతలికి దూకినప్పుడు కుడి మడమలో కలుక్కుమంది. వెనక నుంచి ఎవరో అరుస్తున్నారు, అందులో తన పేరు వినిపిస్తోంది. పేరు కూడా తెలిసిపోయిందని ఇంకా గట్టిగా పరిగెత్తింది. చెప్పులు లేవు, చున్నీ గోడకు చిక్కి అక్కడే ఉండిపోయింది. మార్కెట్టులో ఉల్లిగడ్డల బస్తాల చాటున కూలబడి, లారీ పక్కన నిలబడి ఉన్న ఒక పఠాన్ డ్రైవర్‌ను చేతులు జోడించి బతిమాలితే, ఆయన మారు మాట్లాడకుండా రూవీ దాకా తీసుకుపోయాడు.

ఫర్జానా ఆమెను చూసి గుండెలు బాదుకుంది. "ఆ అమెరికామె పట్టిచ్చిందా?"

"ఏమో ఫర్జానా, ఇంట్లోకే వచ్చినారు. ఇద్దరొచ్చినారు. నా పేరు పెట్టి పిలిచినారు."

ఆ రూమ్‌లో ఇక ఉంచడం ఫర్జానాకు కూడా భయమే. తెల్లారేసరికి తెలిసినవాళ్ళ కారులో ఆమెను సహం పంపేసింది. సముద్రం పక్కన నిమ్మ తోటలు, ఖర్జూరం తోటలున్న ఊరు. అక్కడ ఒక తోటలో కరీంనగర్ వైపు ముత్తవ్వ, ఆమె భర్త పని చేసేవారు. తోట మూల నీళ్ళ మోటారు గదిలో పెంచలమ్మకు చాప వేశారు.

ఆ గదికి కిటికీ లేదు. మోటారు ఆగితే చీకట్లో తన ఊపిరి తనకే పెద్దగా వినిపించేది. మడమ వాచి కుండంత అయింది. ఆస్పత్రికి పోదామంటే కార్డు అడుగుతారు. తోట యజమాని కారు వస్తే తలుపు బయట నుంచి గొళ్ళెం పెట్టించుకునేది. నిద్రలో ఖాకీ చొక్కాలు. మెలకువలో కొడుకులు. తను లోపల పడితే ఆ పిల్లలకు ఎవరు చెబుతారు, ఏమని చెబుతారు?

"గింత భయం పెట్టుకుంటె మనిషి సస్తదే పెంచలా," అనేది ముత్తవ్వ అన్నం తెచ్చిపెడుతూ. "రెండు ముద్దలన్న తిను."

అక్కడ అల్ మవాలేలో షూటింగ్ ఆగిపోయింది. గోడ మీద చిక్కిన చున్నీ చూశాకే ఆర్నెటాకు జరిగింది అర్థమైంది. ఆమె మెట్ల మీద కూర్చుండిపోయింది. కంపెనీ ఫోన్ల మీద ఫోన్లు చేస్తోంది. ఆమె ఎత్తలేదు. ఉదయశ్రీని తీసుకుని రూవీలో ఫర్జానా రూమ్‌కు వెళ్ళింది. ఫర్జానా తలుపు సందులోంచే "నాకేం తెలీదు" అంది. మర్నాడు మళ్ళీ వెళ్ళారు. మూడోసారి వెళ్ళినప్పుడు ఉదయశ్రీ ఏడ్చేసింది. "వాళ్ళు పోలీసులు కాదండీ ఫర్జానా గారూ, వేషాలేసుకున్నవాళ్ళు! దేవుడి మీద ఒట్టు!" అప్పుడు ఫర్జానా తలుపు తీసి సహం తోట దారి చెప్పింది.

కారు తోటలోకి వస్తుంటే పెంచలమ్మ మోటారు గది తలుపు సందులోంచి చూసింది. తెల్ల కారు. తలుపు లోపల గడియ పెట్టి, గోడకు వీపు ఆనించి నిలబడింది. బయట అడుగుల చప్పుడు. ఎవరో తలుపు దగ్గర నేల మీద కూర్చున్నారు. తర్వాత ఉదయశ్రీ గొంతు.

"పెంచలమ్మా, మేమే. నేనూ మేడమూ. ఇంకెవరూ లేరు. నువ్వు తలుపు తియ్యనక్కర్లేదు, విను చాలు."

ఆర్నెటా మాట్లాడింది, ఉదయశ్రీ తలుపుకు నోరు ఆనించి ఒక్కొక్క మాటే చెప్పింది. ఆమె భయాన్ని చూసే మేడమ్ ఆ సీను రాసిందని, లైట్లు పట్టేవాడితో, కారు డ్రైవర్‌తో సహా షూటింగ్‌లో అందరికీ తెలుసని, ఆ ఇద్దరూ నటులని, ముందున్నాయన పేరు మజహర్ అని, రూవీలో బట్టల కొట్టు నడుపుతాడని, చెయ్యి చాచింది మంచినీళ్ళ గ్లాసు కోసమని.

తర్వాత గడియ తీసిన శబ్దం. పెంచలమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. వెలుతురుకు కళ్ళు మూసుకుంది.

"నీళ్ళకా?" అంది. నవ్వబోయి, నవ్వు రాక, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆర్నెటా వైపు తిరిగి ఆమె ఎన్నడూ ఎత్తని గొంతుతో అంది: "నాకొక మాట చెప్పగూడదా మేడమ్? కారోనికి చెప్పినారు, లైట్లోనికి చెప్పినారు. నా బయం తీసుకపోయి కతలో పెట్టుకున్యారు. నాకే చెప్పల్యా!"

ఉదయశ్రీ తెలుగులోంచి ఇంగ్లీషులోకి మార్చే ముందే ఆర్నెటా తల దించుకుంది. "చెప్పాల్సింది," అంది. "నిన్ను అడిగి రాయాల్సింది."

ముత్తవ్వ టీ పెట్టుకొచ్చింది. పెంచలమ్మ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది.

"మీ కతలో ఆమెను పట్టుకపోయినాక ఏమైతాది మేడమ్?"

"అక్కడితో సినిమా అయిపోతుంది."

"మీకు అయిపోతాది. ఆమెకు యాడ అయిపోతాది?"

ఆ ప్రశ్న పెంచలమ్మ తనకు తానే వేసుకున్నట్టుంది. గ్లాసు కింద పెట్టి, "ఈ గదిలో ఉంటే నేను పిచ్చిదాన్నయితా. పోలీసులు రాకముందే సస్తా. ఎంబసీకి పోతే ఇంటికి పంపుతారని ఫర్జానా ఒకసారి చెప్పింది. నన్ను ఆడికి తీసుకపోండి," అంది. "దావలో ఎవురన్నా కారు ఆపితే, ఆపనీ."

కారు ఎవరూ ఆపలేదు. కానీ సహం నుంచి మస్కట్ దాకా ప్రతి రౌండబౌట్ కూడలి దగ్గరా పెంచలమ్మ వెనక సీట్లో ఆర్నెటా చెయ్యి నలిపేసింది. పోలీసు జీపు ఒకటి పక్కన వచ్చి ఆగినప్పుడు ఉదయశ్రీ కూడా కళ్ళు మూసుకుంది. ఆమె భయం ఆమెది. భర్తకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

ఎంబసీలో పేరు, ఊరు, యజమాని పేరు రాసుకుని, పారిపోయి వచ్చిన ఆడవాళ్ళు ఉండే గదిలో చోటిచ్చారు. యజమానిని పిలిపిస్తామన్నారు. దొంగతనం కేసు పెడతారని తోటి ఆడవాళ్ళు చెప్పారు. బంగారం పోయిందంటే చాలు, ఏళ్ళ తరబడి ఇక్కడే అన్నారు. తను ఆ ఇంట్లో ఎప్పుడైనా బీరువా ముట్టుకుందా, ఏ గాజు ఎక్కడ పెట్టింది అని పడుకున్నప్పుడల్లా గుర్తు చేసుకునేది.

వాళ్ళు వచ్చారు. ఇంటాయన, ఇంటావిడ. టేబుల్‌కు ఇటు పెంచలమ్మ, పక్కన ఎంబసీ గుమాస్తా. ఆర్నెటాను లోపలికి రానివ్వలేదు, ఆమె వరండాలో నిలబడింది. ఇంటావిడ నల్ల అబాయా అంచు సర్దుకుంటూ గోడ వైపు చూస్తోంది. ఇంటాయన ముఖంలో కోపం కంటే అలసట ఎక్కువ ఉంది.

"ఎందుకు పోయావు? నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు అరబ్బీలో.

పెంచలమ్మ ఎన్నో చెప్పాలనుకుంది. నోటికొచ్చింది రెండు ముక్కల అరబ్బీయే. "అనా తాబానా, బాబా," అంది. అలసిపోయాను అని. చేతిని చున్నీలోంచి తీసి టేబుల్ మీద పెట్టింది. ఆయన ఆ మచ్చ చూశాడు. భార్య వైపు చూశాడు. ఆమె గోడ మీది నుంచి చూపు తిప్పలేదు. ఆయన జేబులోంచి పాస్‌పోర్టు తీసి టేబుల్ మీద పెట్టి, ఇంకేమీ అనకుండా లేచాడు. కేసు పెట్టలేదు.

అయినా దేశం విడిచి పోవాలంటే పోలీసుల దగ్గరికే పోవాలి. ఇన్నాళ్ళూ కలలోకొచ్చిన వ్యానులోనే పెంచలమ్మ ఎక్కింది. ఆడవాళ్ళ గదిలో ఉంచారు. ఎవరూ కొట్టలేదు. ఎవరూ దయగా మాట్లాడనూ లేదు. పొద్దున పేర్లు పిలిచేవారు, పిలిచిన పేరు గల మనిషి లేచి పోయేది. ఎక్కడికి పోయిందో ఉన్నవాళ్ళకు తెలిసేది కాదు. పక్కన ఇథియోపియా పిల్ల ఒకతి గోడకేసి తల కొట్టుకుంటూ ఉండేది. పెంచలమ్మ తన అరచెయ్యి అడ్డం పెట్టి కూర్చునేది. ఆ పిల్ల పేరు పిలిచిన రోజు ఆమెకు ఏడుపు ఆగలేదు. తన పేరు పిలిచినప్పుడు పక్కామె భుజం పట్టుకుని లేచింది. మస్కట్ విమానాశ్రయంలో చెన్నై విమానం గాల్లోకి లేచేదాకా, ఇంకా ఎవరో వచ్చి దించేస్తారనే అనుకుంది.

ఆర్నెటా సినిమా కథ కూడా సుఖంగా ముగియలేదు. ఆమె పోలీసు సీను తీసేసి, పనిమనిషి తానే లేచి, ఇల్లాలి చెయ్యి పట్టుకుని గడప దాటే ముగింపు రాసింది. అందులో బేడీలు లేవు, ఏడుపులు లేవు, భయం మాత్రం ఉంది. కంపెనీవాళ్ళకు నచ్చలేదు. షూటింగ్ ఆలస్యమైందని అప్పటికే కోపంగా ఉన్నారు. పాతదే తియ్యమన్నారు. ఆమె తియ్యనంది. మిగిలిన పనికి వేరే డైరెక్టర్‌ను పంపుతామని బెదిరించారు, చివరికి ఎందుకో పంపలేదు. సినిమా మరుసటి ఏడు ఎవరూ చూడని వేళ టీవీలో వచ్చింది. తర్వాత ఆమెకు సినిమా ఎవరూ ఇవ్వలేదు. లాస్ ఏంజిలిస్‌లో ఒక కాలేజీలో కథలు రాయడం నేర్పుతూ, అప్పుడప్పుడు ఏదో సీరియల్‌కు ఒక ఎపిసోడ్ చేస్తోందని ఉదయశ్రీకి మెయిల్ వచ్చింది. మెయిల్ వచ్చిన ప్రతిసారీ అందులో పెంచలమ్మ గురించి అడిగేది.

2010 ఎండాకాలంలో సెలవు మీద వచ్చిన ఉదయశ్రీ, సినిమా డిస్కూ లాప్‌టాపూ తీసుకుని రాయచోటి వెళ్ళింది. పెంచలమ్మ బస్టాండు దగ్గర అక్కతో కలిసి టిఫిన్ బండి నడుపుతోంది. కొంచెం కుంటుతోంది, మడమ ఎముక సరిగా అతుక్కోలేదు. కొడుకులిద్దరూ లాప్‌టాప్‌కు ముఖాలు ఆనించి కూర్చున్నారు. పెంచలమ్మ కొంచెం వెనక, గోడకు ఆనుకుని కూర్చుంది.

చివర్లో తెర మీది మనిషి గడప దాటుతుంటే చిన్న కొడుకు "మాయ్, ఆమె నువ్వేనా?" అన్నాడు.

"నేను గాదురా. యాక్టరు," అంది పెంచలమ్మ. తర్వాత ఉదయశ్రీతో మెల్లగా, "బాగ తీసింది మేడమ్. ఆమె నడిచేది మాత్రం సక్రంగ ల్యా. అంత బయంలో మనిషి అట్ల తిన్నగా నడవలేదమ్మా. కాళ్ళు వేరే ఎవురివో అయినట్టుంటాయి," అంది.

ఉదయశ్రీ ఆ మాట ఆర్నెటాకు రాస్తానంది. పెంచలమ్మ వద్దంది. "ఆమెను బాధ పెట్టొద్దు. బాగుండానని రాయి. అన్నం తినిపో," అని లేచింది.